పంకాలో కుక్కర్ స్క్రూలు

మొన్నమొన్నటిదాకా మా ఇంట్లో కుక్కర్‌కి పిడి ఉండీ లేనట్టే. పట్టుకుని ఎత్తితే పిడి చేతికొచ్చేది, కుక్కర్ పొయ్యి మీదే ఉండిపోయేది. అందుకని ఒక పక్క పటకారు, ఇంకో పక్క మసిగుడ్డ పెట్టి, బాలింతను లేపినట్టు నెమ్మదిగా దించేదాన్ని. చూసినవాళ్లు ఊరుకోరు కదా. "రెండు స్క్రూలు బిగించుకోరాదా?" అనేవాళ్లు. "స్క్రూలు పడవలో ఉన్నాయి" అనేదాన్ని. తార్నాకలో పడవేమిటని నా ముఖంలోకి చూసేవాళ్లు, ఎండదెబ్బ తగిలిందేమోనని.

పడవ నిజంగానే ఉంది. యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒక డిపార్ట్‌మెంట్ వెనకాల రేకుల షెడ్డులో, రెండు చక్రాల బండి మీద ఉంటుంది. చుట్టుపక్కల నీటి చుక్క లేదు. గ్రూప్స్‌కి చదివే పిల్లలు నీడకోసం అందులో కూర్చుని బిట్లు బట్టీపడతారు. కింద కుక్కలు పడుకుంటాయి. ఎప్పుడో ఒక నెమలి వచ్చి మోటారు మీద నిలబడి అరుస్తుంది. ఆ పడవను నడిపేది మా ఆయన. ఊళ్లో అందరి మగలూ బస్సో ఆటోనో నడిపితే మా ఆయన నీళ్లు లేనిచోట పడవ నడుపుతాడు. అదీ టెంపరరీగా.

ఈ టెంపరరీ అనే మాట నా పెళ్లినాడే మా ఇంట్లోకి వచ్చింది. పిల్లవాడు యూనివర్సిటీలో టెంపరరీ డ్రైవర్ అని పెళ్లిపెద్ద చెప్తే, మా అమ్మ అది ఏదో ఒకరకం లారీ అనుకుంది. "మా అల్లుడు టెంపర్‌లారీ తోలుతడు. మామూలు లారీ కంటె పెద్దది" అని వాడకట్టంతా చెప్పుకొచ్చింది. ఆమెకు అసలు సంగతి చెప్పే ధైర్యం ఎవరికీ రాలేదు. చెప్పినా ఏం తేడా? ఆయనతోపాటు చేరిన పర్మినెంటు వాళ్లు రిటైరై పోయారు, కొందరు లోకాన్నే విడిచి పోయారు. మా ఆయన మాత్రం అప్పుడూ టెంపరరీనే, ఇప్పుడూ టెంపరరీనే. షెడ్డు కూడా టెంపరరీ షెడ్డే. డిపార్ట్‌మెంటు పెద్ద బిల్డింగుకి పెచ్చులు ఊడాయి గానీ, షెడ్డు మీద ఒక్క రేకు లేవలేదు.

నా స్క్రూలు పడవలోకి పోయిన రోజుల్లో మా గల్లీలో, మాణికేశ్వర్ నగర్ వైపు పోయే మూల ఇంటి మీది గదిలో, ఒక అమ్మాయి అద్దెకుండేది. అనంతపురం దిక్కు నుంచి వచ్చింది. నీళ్లు లేని ఊర్లో పుట్టి, నీళ్ల మీద పీహెచ్‌డీ చేస్తూండేది. నన్ను అక్కా అనేది, మా ఆయనను అన్నా అనేది, సగం రోజులు మా ఇంట్లోనే తినేది. ఆమె చదువు ఇదీ: కృష్ణ డ్యాము వెనక నిలిచిన నీళ్లలో ఒకేచోట, ప్రతి నెలా, పైనుంచి కొంత, నడుమ నుంచి కొంత, అడుగు నుంచి కొంత నీళ్లు సీసాల్లో పట్టాలి. ఆ నీళ్లలో కంటికి కనపడని పురుగులు ఉంటాయట. వాటిని లెక్కపెట్టాలి. అలా ఏడాది పొడుగునా ఒక్క నెల కూడా తప్పకుండా తేవాలి. నడుమ ఒక్క నెల పోయిందంటే ఏడాదంతా పోయినట్టే, మళ్లీ మొదటినుంచి.

ఆ నీళ్ల మీదికి ఆమెను తీసుకుపోయేది మా ఆయన పడవే. వాళ్లతో నేనెందుకు పోయేదాన్నంటే, ఆడపిల్ల ఒక్కతే అంత దూరం ఎలా పోతుందని వాళ్ల సారుకి బెంగ. వంటమనిషిగా నన్ను పంపాడు. అలా నేనూ టెంపరరీ అయ్యాను.

ఇప్పుడు పంకా సంగతి చెప్పాలి. పడవ మోటారు కింద నీళ్లను వెనక్కి తోసే రెక్కల చక్రాన్ని మా ఆయన పంకా అనేవాడు. దాని మీద ఆయనకు భక్తి. అందరూ దసరాకి బండికి పూజ చేసి నిమ్మకాయ తొక్కిస్తారు. పడవతో నిమ్మకాయ ఎలా తొక్కిస్తారు? అందుకని ఆయన ఏటా దసరాకి పంకా ఊడదీసి, సబ్బుతో కడిగి, తలంటు పోసినట్టు నువ్వుల నూనె పోసేవాడు. పైపైన కాదు, నడుమ ఉన్న సందులోకంతా పోసేవాడు. "ఇనుము నూనె తాగాలె. తాగితేనే పని చేస్తది" అనేవాడు. నీళ్లలో కుంకుమ నిలవదు కాబట్టి, గేటుకి వేయగా మిగిలిన ఎర్ర రంగుతో పంకా నడుమ నిలువు బొట్టు గీసేవాడు. అంచు దగ్గర మొదలుపెట్టి, ఇరుసు దూరే బెజ్జం దాకా ఒకే గీత. మళ్లీ దసరా దాకా ఆ పంకాని ఊడదీయనిచ్చేవాడు కాదు.

పన్నెండో నెల నీళ్లకి పోయాం. అదే ఆఖరిది. దేవరకొండ దాటి, తారు రోడ్డు అయిపోయి, మట్టి రోడ్డు కూడా అయిపోయాక చేపలు పట్టేవాళ్ల గుడిసెలు కొన్ని ఉంటాయి. అక్కడ బడి వరండాలో మా మకాం. ఫోను పలకాలంటే గుట్టెక్కాలి. జీపు సాయంత్రం మమ్మల్నీ, వెనక కట్టిన పడవనూ దింపి పోయింది. నడుమ ఒక్క రోజు వదిలి పొద్దున్నే వచ్చి తీసుకుపోవాలి, ఎందుకంటే ఆ మర్నాడు అదే జీపులో ఇంకెవరో ఇంకెక్కడికో పోవాలి. అంటే మా చేతిలో ఉన్నది ఆ ఒక్క రోజే. అది కూడా మధ్యాహ్నం గాలి లేచేలోపలే. గాలి లేచిందంటే నడుమ నీళ్లలోకి ఎవరూ పోరు.

మర్నాడు పొద్దున ముగ్గురం పడవెక్కాం. మా ఆయన తాడు లాగాడు. మోటారు ఒక్క దెబ్బకి అందుకుంది. కొంచెం దూరం బాగానే పోయాం. ఆయన రేస్ ఇచ్చాడు. మోటారు గోలపెట్టింది, పడవ మాత్రం బురదలో బర్రెలా నిలబడింది. ఇంకా రేస్ ఇచ్చాడు. ఇంకా గోల. గుట్టల మీద కొంగలు లేచిపోయాయి, మేము మాత్రం కదల్లేదు.

"ప్లగ్గు" అన్నాడు మా ఆయన.

మా ఆయన లెక్కలో లోకంలో ఏ రోగానికైనా మూలం ప్లగ్గు. ఫ్రిజ్జు చల్లబడకపోయినా ప్లగ్గే అంటాడు. విప్పి, గీకి, ఊది, మళ్లీ పెట్టాడు. మళ్లీ అదే గోల. "పెట్రోల్ల కల్తీ" అన్నాడు. నా కొంగు చింపినంత పనిచేసి పెట్రోలు వడగట్టాడు. అదే గోల. ఇంతలో నీళ్లు మమ్మల్ని పక్కకి లాగుతుంటే, నేను అన్నం వార్చే పెద్ద పళ్లెం తీసి తెడ్డులా వేశాను. అమ్మాయి మూత తీసుకుంది. అలా పళ్లెమూ మూతా వేసుకుంటూ ఒడ్డుకి వచ్చాం. ఒడ్డున ఉన్న ముసలామె చూసి అడగనే అడిగింది: "ఏందే, వంట జేస్తున్నరా, పడవ నడుపుతున్నరా?"

అమ్మాయి నవ్వలేదు. సీసాలు తీసి మళ్లీ కడిగింది. అవి అప్పటికే కడిగి ఉన్నాయి. ఆమెకు భయమేస్తే సీసాలు కడుగుతుంది, పదకొండు నెలలుగా చూస్తున్నాను కదా.

"పుట్టిలో పోతే కాదా?" అన్నాను, ఒడ్డున బోర్లించిన చేపలోళ్ల గుండ్రటి బుట్టపడవలు చూపిస్తూ.

"పుట్టోళ్లు ఒడ్డెంబడే తిరగతారక్కా, అంత దూరం రారు" అంది. తర్వాత మా ఆయన వైపు తిరిగింది. "అన్నా, మోటారు తిరగతాండాది గదా?"

"తిరుగుతది. ఇనవడ్తలేదా?"

"పంకా?"

"మోటారు తిరిగితే పంకా తిరగదా? పెండ్లికొడుకు తిరిగినంక పెండ్లిపిల్ల తిరుగుతదా లేదా?"

"ఒకసారి ఊడదీసి చూస్తామన్నా."

మా ఆయన ముఖం మారింది. "దసరాకు తీసిన. మళ్ల దసరాకే తీస్త. నడిమిట్ల తీయొద్దు."

"అన్నా, ఈ రోజు నీళ్లు పట్టకపోతే మళ్లా దసరా దాకా నేనీడనే ఉండాల. ఆ పై దసరా దాకా గూడా."

ఆయన రెండు చేతులూ జోడించాడు. గుట్టకి దండం పెట్టాడో, పంకాకి పెట్టాడో తెలియదు. నీళ్లలోకి దిగాడు. నట్టు ఊడకుండా పట్టి ఉంచే చిన్న పిన్ను తీశాడు, నట్టు తీశాడు. అవి నీళ్లలో పడితే మా పని అంతే, అందుకని నేను కింద పళ్లెం పట్టాను. పంకా చేతికి వచ్చింది. అమ్మాయి దాన్ని ఒళ్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అన్నా, ఈ బొట్టు పెట్టింది నువ్వేనా?"

"ఇంకెవలు పెడ్తరు?"

"నిలువుగానే పెట్టింటివి?"

"నిలువే. ఒక్క గీత. నా చెయ్యి వంకర పోదు."

"మరి ఇట్ల రెండు తునకలు ఎందుకుండాది?"

ముగ్గురం వంగి చూశాం. పంకా నడుమన రెండు గొట్టాలు ఉన్నాయి, ఒకదానిలో ఒకటి. పెద్ద గొట్టానికి రెక్కలు ఉన్నాయి. చిన్న గొట్టం ఇరుసుకి పడుతుంది. రెండింటి నడుమ నల్లటి రబ్బరు ఉంది, ఆ రబ్బరే రెండింటినీ పట్టి ఉంచాలి. బొట్టులో సగం పెద్ద గొట్టం మీద పైన ఉంది. మిగతా సగం చిన్న గొట్టం మీద ఎక్కడో కిందికి, ఇంకో దిక్కుకి పోయింది. దసరానాడు ఒకటిగా ఉన్న బొట్టు విడిపోయింది.

నాకు వెంటనే మా మిక్సీ గుర్తొచ్చింది. "ఇది మా మిక్సీ రోగమే! కింది రబ్బరు అరిగితే మోటరు బొయ్యిమంటది, పచ్చడి మాత్రం కదలది."

"అదేనక్కా!" అంది అమ్మాయి. "లోపల తిరగతాండాది. రబ్బరు పట్టు వదిలేసింది. రెక్కలు నిలబడిపోతాండాయి." రబ్బరు మీద వేలు పెట్టి రాసి వాసన చూసింది. "అన్నా, నూనె?"

"నూనె పొయ్యకపోతే ఎట్ల? ఇనుముకు..."

"ఇది రబ్బరన్నా. రబ్బరుకి నూనె పోస్తే ఉబ్బి జారతాది."

"పదేండ్ల సంది పోస్తున్న. ఎన్నడు ఏం కాలే!"

"పదేండ్లు పోసినావు కాబట్టే ఈ పొద్దు అయింది."

మా ఆయన ఆ ముక్కకి అలిగి ఒక బండ మీద కూర్చున్నాడు. ఇంత సేవ చేస్తే, ఆ దసరా బొట్టే తన మీద సాక్ష్యం చెప్తే ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. నూనె మా వంటింటిదే కాబట్టి నేను ఆ చర్చలోకి పోలేదు.

మిక్సీకి నేనైతే సందులో అగ్గిపుల్లలు దోపేదాన్ని. ఆ మాటే అన్నాను. అగ్గిపుల్లలు దోపాం, చీపురుపుల్లలు దోపాం, ముసలామె ఇచ్చిన వెదురు బద్దలు కూడా దోపాం. బిగించి నీళ్లలో పెట్టి తాడు లాగితే, పడవ ముందుకి ఒక్క దూకు దూకి ఆగింది. పుల్లలన్నీ ముక్కలై మా వెనకాల తేలుతూ పోయాయి.

"ఇనుము కావాల" అంది అమ్మాయి. "రబ్బరులో దిగి రెండు గొట్టాల్ని బిగబట్టేటివి. స్క్రూలట్లాంటివి."

మా ఆయన పడవలో వెతికాడు. బల్లల స్క్రూలు తుప్పుపట్టి తలలు ఊడిపోయాయి. పెట్టెకున్న మేకులు పొట్టివి. అలిగినవాడు అలకతోనే చుట్టూ చూస్తూ చూస్తూ నేను ఒడ్డునే రాజేసిన పొయ్యి దగ్గర ఆగాడు.

"ఏమే, కుక్కర్ ఇటియ్యి."

"అన్నం ఉడుకుతున్నది."

"పిడికున్న స్క్రూలు మంచి పొడుగు ఉంటయి."

"పిడి లేకపోతే నేనెట్ల దించాలె?"

"టెంపరరీగ తీసుకుంటున్ననే. ఇంటికి పోంగనే నీ స్క్రూలు నీకిస్త."

ఆ మాట ఇంకెవరైనా అంటే నమ్మేదాన్నేమో. కానీ అమ్మాయి ముఖం చూశాను. ఇవ్వక తప్పలేదు. అయితే విజిల్ రావాలి కదా. ఒక పడవ, ఒక మోటారు, ఒక పీహెచ్‌డీ, ముగ్గురు మనుషులు, అందరూ అన్నం ఎప్పుడు ఉడుకుతుందా అని కుక్కర్ చుట్టూ నిలబడ్డాం. విజిల్ వచ్చిన ప్రతిసారీ మా ఆయన లేచేవాడు. "ఇంకొకటి రావాలె" అని కూర్చోబెట్టేదాన్ని. పచ్చి అన్నం తిని నడి నీళ్లలోకి పోవడం నాకు ఇష్టం లేదు.

స్క్రూలు ఊడదీశాక, ఒక మేకుని పొయ్యి మీద ఎర్రగా కాల్చి పటకారుతో పట్టి రబ్బరులో బెజ్జాలు పొడిచాం. కంపు కొట్టింది. ముసలామె ముక్కు మూసుకుని, "ఇగ ఇది కూడ తింటరా?" అంది. బెజ్జాల్లో కుక్కర్ స్క్రూలు దించి, రాయితో కొట్టి బిగించాం. మిగిలిన సందుల్లోకి మేకులు దిగ్గొట్టాం. అమ్మాయి సంచిలోంచి సీసాల మీద రాసే మార్కర్ తీసి, పెద్ద గొట్టం నుంచి చిన్న గొట్టం దాకా ఒక నల్ల గీత గీసింది. జారితే మళ్లీ గీత విడిపోతుంది, తెలిసిపోతుంది.

"ఏం మార్కరమ్మా ఇది?" అన్నాడు మా ఆయన.

"పర్మినెంట్ మార్కరన్నా."

"మన దాంట్ల పర్మినెంటు ఇదొక్కటే" అన్నాడు. అప్పుడు పోయింది ఆయన అలక.

బయల్దేరాం. అమ్మాయి ఆయనకి ఎదురుగా, వెనక్కి తిరిగి కూర్చుంది. చూపంతా ఆయన మణికట్టు మీదే. మెల్లగా పోతే పట్టు నిలుస్తుంది, రేస్ ఇస్తే మేకులు ఊడతాయి. మా ఆయన చేతికి రేస్ ఇవ్వకుండా ఉండటం పుట్టాక ఎప్పుడూ అలవాటు లేదు. చెయ్యి కొంచెం తిరిగితే చాలు, "అన్నా, మెల్లగ" అనేది. ఇంకొంచెం పోగానే, "అన్నా!" అనేది. ఒడ్డు వెంబడి ఒకాయన పుట్టిలో పోతూ మమ్మల్ని దాటేశాడు. దాటి, వెనక్కి తిరిగి అరిచాడు: "ఏం సారూ, మోటరు పెట్టుకొని ఈదుకుంటొస్తున్నవా?"

మా ఆయన పళ్లు కొరికాడు గానీ చెయ్యి తిప్పలేదు. నేను ఆయనతో ఇన్నేళ్లు కాపురం చేశాను, అంత నిగ్రహం ఇంకెప్పుడూ చూడలేదు.

నీళ్లలోంచి ఒక గుట్ట కొన పైకి కనపడుతుంది, అదే ఆమె చోటు. అక్కడికి చేరేసరికి నీళ్ల మీద చిన్న చిన్న ముడతలు మొదలయ్యాయి. పై నీళ్లు పట్టింది, నడుమ నీళ్లు పట్టింది. అడుగు నీళ్లకి తాడు వదిలింది. నేను తాడు ఇంకో కొస పట్టుకున్నాను. సీసా పైకి వచ్చింది. మూత బిగించి, మీద పేరు రాసి, పెట్టెలో పెట్టి, పెట్టె మీద రెండు చేతులూ వేసి కూర్చుంది.

"అయిపాయనక్కా" అంది. అంతే.

తిరుగుదారిలో గాలి ఎదురొచ్చింది. నీళ్లు పడవలోకి చిమ్ముతున్నాయి. "జర రేస్ ఇస్త అమ్మా, లేకపోతే పొద్దుగూకుతది" అన్నాడు మా ఆయన. "నా సీసాలు నిండినాయన్నా. ఇప్పుడు పొద్దుగూకినా నాకేం ల్యా" అంది ఆ అమ్మాయి, హాయిగా. తను మాత్రం ఒడిలో పెట్టె పట్టుకుని కూర్చుంటే, పళ్లెంతో నీళ్లు తోడిపోసింది నేను. ఒడ్డు చేరి పంకా చూస్తే నల్ల గీత ఒక్క వెంట్రుక కూడా జరగలేదు.

క్యాంపస్‌కి వచ్చాక మా ఆయన సారు దగ్గరికి పోయి, "టెంపరరీ చేసినం సార్, కొత్త పంకా కావాలె" అన్నాడు. సారు మంచివాడు, వెంటనే పైకి రాశాడు. పైనుంచి ఒక్కటే ప్రశ్న వచ్చింది: పడవ నడుస్తున్నదా లేదా? నడుస్తున్నది అని చెప్పక తప్పలేదు. నడుస్తుంటే కొత్తది దేనికి అన్నారు. పడవ ఆగిపోతే ఇస్తారు. ఆగిపోతే నడి నీళ్లలో ఉంటాం, ఎవరిని అడుగుతాం? ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాత ఎన్నో ఏళ్లకి, మేము అడగడం మరిచిపోయాక, కొత్త పంకా వచ్చింది. అట్టపెట్టెలో, మెత్తటి కాగితాల నడుమ, మెరుస్తూ వచ్చింది. ఎవరైనా ఎత్తుకుపోతారని సారు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు. నీళ్లలోకి దించితే గీతలు పడతాయని ఇంకో భయం. ఏటా దసరాకి దాన్ని బయటికి తీస్తారు, మా ఆయన బొట్టు పెడతాడు, మళ్లీ లోపల పెడతారు. ఇప్పుడు ఎవరైనా నూనెగిన్నె తెస్తే మా ఆయన గట్టిగా కసురుతాడు: "రబ్బరుకు నూనె ముట్టియ్యొద్దని తెల్వదా?" అది ఆయన అమ్మ కడుపులోనే నేర్చుకున్నట్టు. నీళ్లలోకి పోయేది మాత్రం కుక్కర్ స్క్రూల పంకానే. పర్మినెంట్ మార్కర్ గీత రెండో ప్రయాణానికే కడుక్కుపోయింది. స్క్రూలు కదల్లేదు.

"నా స్క్రూలు?" అని అప్పుడప్పుడు అడిగేదాన్ని. "టెంపరరీ అని చెప్పిన గద" అనేవాడు.

ఆ అమ్మాయి పీహెచ్‌డీ అయిపోయింది. గది ఖాళీ చేసి పోయింది. మొన్న వానాకాలంలో ఒక మధ్యాహ్నం తలుపు కొడితే చూశాను కదా, ఆమె! చేతిలో మిఠాయి డబ్బా, ఒక చిన్న కాగితం పొట్లం. తన ఊరి దిక్కే ఒక కాలేజీలో పిల్లలకి చెప్పే ఉద్యోగం వచ్చిందట. మా ఆయన మిఠాయి నోట్లో పెట్టుకుని అడిగాడు:

"పర్మినెంటానమ్మా?"

ఆమె ముఖం కొంచెం చిన్నబోయింది. "లేదన్నా, టెంపరరీనే. ఏడాదికొకసారి మళ్లా ఆర్డరు ఇస్తారంట. ఎప్పుడు తీసేస్తారో ఏమో."

"అయితే ఫికర్ జెయ్యకు బిడ్డా. నిన్నిగ ఎవ్వడు కదిలియ్యలేడు."

ఆమె ముందు నవ్వింది, తర్వాత కళ్లు తుడుచుకుంది, మళ్లీ నవ్వింది. పొట్లం విప్పింది. ముషీరాబాద్‌లో ఇనుప సామాన్ల కొట్లో వెతికి వెతికి తెచ్చిందట, కుక్కర్ పిడి స్క్రూలు, తళతళలాడుతున్నవి. "మీ బాకీ అక్కా" అంది. నేను మురిసిపోయి కుక్కర్ తెచ్చి ముందు పెట్టాను.

స్క్రూలు పట్టలేదు. సన్నవి. బెజ్జంలో వేస్తే అటునుంచి ఇటు, ఇటునుంచి అటు ఆడుతున్నాయి. అమ్మాయి నాలుక కొరుక్కుంది. మా ఆయన, ప్లగ్గు అంటాడేమో అనుకున్నాను, అనలేదు.

"ఉండక్కా" అంది ఆమె. నా సూదుల డబ్బాలోంచి దారం తెంపి, స్క్రూల చుట్టూ గట్టిగా చుట్టి, బెజ్జంలోకి దించి బిగించింది. పిడి పట్టుకుని ఎత్తి చూసింది. కుక్కర్ లేచింది.

"టెంపరరీగా ఉంటాదిలేక్కా. ఈసారి వచ్చినప్పుడు సరైనవి తెస్తా."

"వద్దు తల్లీ" అన్నాను. "గివే ఉండనియ్యి."

బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను. ముగ్గురం విజిల్ కోసం కూర్చున్నాం.